ఎండ: లేదు

రోజు 6,941
నిద్ర: ఆరు గంటలు. తిండి: మక్క గటక, పప్పు. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

ఈ గడిలో రెండు వరుసలకు మించి రాయొద్దని నేను రోజూ నింపే ఈ ఫారం అడుగున అచ్చు వేశారు. పంతొమ్మిదేళ్లుగా నేను వెనక పేజీ దాకా రాస్తూనే ఉన్నాను. చదివేవాళ్లుంటే కదా వద్దనడానికి.

ఈరోజు సోమవారం కాబట్టి యంత్రానికి సున్నా పెట్టాను. నా ముంజేతి మీద ఆవగింజంత చర్మం గిల్లి, కణాలు విడదీసి, స్లైడు మీద పరిచి కరెంటు పెట్టాను. లోపలి డీఎన్ఏ బాగుంటే కణం గుండ్రంగా చుక్కలా కనిపిస్తుంది. ఎండకు దెబ్బతిని ఉంటే, విరిగిన ముక్కలు కరెంటుకు కొట్టుకుపోయి వెనక తోక సాగుతుంది. అందుకే వీటిని తోకచుక్కలంటాం. ఎండ తగలని మనిషిగా నా తోక ఎంతుంటే అదే సున్నా. మిగతావాళ్ల తోక నాకన్నా ఎన్ని రెట్లో యంత్రం చెబుతుంది. రెండు రెట్లకు చేరితే నీడ సెలవు, మరమ్మతు మందు వరుసలో చోటు. చేరకపోతే మళ్లీ పైకి వెళ్లి సోలార్ ప్లేట్లు తుడవాలి. అవి తుడవకపోతే ఎండ నుంచి తప్పించుకుని ఈ పాత బొగ్గు బాయిలో ఉంటున్న మూడు వేల మందికి దీపం వెలగదు, గాలి ఆడదు.

పైనుంచి దిగినవాళ్లను మూడు రోజులు నీడలో ఉంచి ఆ తర్వాతే గిల్లుతాం. ఒళ్లు తనంతట తాను బాగుచేసుకోగలిగింది ఆ మూడు రోజుల్లో చేసుకుంటుంది, మిగిలిపోయిందే లెక్క. నాకు ఆ మూడు రోజులు అక్కర్లేదు. నేనెప్పుడూ నీడలోనే ఉంటాను.

నేను చదివింది డీఎన్ఏ విరుపులు, మరమ్మతులు. నా పేరు కౌసల్య. బాయిలో అందరూ పిలిచేది మాత్రం సున్నక్క అని.

ఈరోజు ఐదుగురిని చూశాను. ఐదోది కనకం, నా చెల్లెలు. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను, నేనే తల దువ్వాను, దానికి పైపని వచ్చినప్పుడు కాగితం మీద సంతకమూ నేనే పెట్టాను. ఇంటికొక్కరైనా పైకి వెళ్లాలి. చదువుకున్న అక్క సున్నా అయింది గనక చెల్లెలు పైకి వెళ్లింది.

"ఎంతొచ్చిందక్కా?"

"ఒకటీ పాయింట్ ఎనిమిది."

"గంతేనా. నేను రెండు దాటుతదనుకున్న." కింది పెదవి మీది పుండును నాలుకతో తడుముకుంది. ఐదు నెలలుగా అది మానడం లేదు.

"పుండుకు లేపనం ఇస్తాను. లెక్క మాత్రం లెక్కే."

"నిన్నేమన్న అన్ననా?" అని నవ్వి లేచింది. బయట పైపనివాళ్ల మేస్త్రీ ఓదెలు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని నేను మూడుసార్లు వెనక్కి పంపాను. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. అతని ముఖం తిప్పుళ్లకు నేనెప్పుడో అలవాటు పడ్డాను.

కనకం కాగితం మీద "అర్హత లేదు" అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం చాలా అందంగా ఉంటుంది. అందరూ అంటారు.

రోజు 6,944
నిద్ర: ఏడు గంటలు. తిండి: జొన్నరొట్టె, పచ్చిపులుసు. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

కనకం గుమ్మడి వడియాల పిండి పట్టుకొచ్చింది. బాయిలో నేల మీద వెలుతురు పడేది నా గదిలోనే. గాలి కోసం పైదాకా తవ్విన పాత గాలిబాయి అడుగున ఉన్న ఈ గదిని సున్నాకు గౌరవంగా ఇచ్చారు. అందుకే వడియాలు, మిరపకాయలు, చంటిపిల్లల బొంతలు అన్నీ నా గదికే వస్తాయి. నేను సణుగుతాను, కానీ నాకిష్టమే. ఇంతమందికి నాతో పనుండడం నాకిష్టం.

అమ్మ పాత చీర పరిచి ఇద్దరం వడియాలు పెట్టాం. పెడుతూ పెడుతూ కనకం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"సురుక్కుమంటందక్కా ఈడ. ఎండ మంచిగ దిగుతంది నీ గదిల."

"ఎండ కాదే. వెలుతురు."

"నాకెరుక లేదా ఎండంటే? పదేండ్లాయె తినవట్టి." అది నవ్వుతూనే అంది. "ఇంతకుముందు నాలుగు దినాలు పట్టేది ఎండనీకి. ఇప్పుడు రెండు దినాలకే గలగలమంటన్నయ్. మంచిదే గదా."

నేను కసిరాను. ఈ గది కట్టినప్పుడు గాలిబాయి మూతికి మందపాటి గాజు వేశారు. ఎండలోని చెడునంతా గాజు పట్టేసి వెలుతురును మాత్రమే కిందికి వదులుతుంది. అందుకే మా మాటల్లో ఎండ అంటే పైన ఉండేది, వెలుతురంటే సున్నా గదిలో ఉండేది. పంతొమ్మిదేళ్ల నుంచి ఎవరూ ఈ రెండింటినీ కలపలేదు.

ఆరేళ్ల కింద ఆ గాజు పగిలింది. దాని బదులు ప్లాస్టిక్ షీటు వేశారు. ముందుకన్నా గది వెలుగ్గా ఉందని కమిటీకి ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాసింది నేనే.

కనకం వెళ్లాక చీర అంచు చూశాను. వెలుతురు పడే వైపు ఆకుపచ్చ అంచు తెల్లగా వెలిసిపోయింది. మడత కింద ఉన్నది ఇంకా పచ్చగానే ఉంది. అద్దం తీసి ముఖం చూసుకున్నాను. ఎడమ చెంప మీద మూడు గోధుమరంగు మచ్చలున్నాయి. నేను కూర్చుని చదువుకునేటప్పుడు వెలుతురు ఎడమ వైపు నుంచి పడుతుంది. వయసు మచ్చలనుకున్నాను ఇన్నాళ్లూ.

రోజు 6,945
నిద్ర: లేదు. తిండి: టీ. మందులు: లేవు. ఎండ:

ఈ గడి ఖాళీగా వదిలేస్తున్నాను. తర్వాత నింపుతాను.

మొదటి రోజు నా చేతి నుంచి తీసిన కణాలు మంచుపెట్టెలో ఇంకా ఉన్నాయి. సున్నా పదవి ఇచ్చిన రోజున దాచారు, ఆ తర్వాత ఎవరూ తాకలేదు. సున్నా ఇక్కడే ప్రాణంతో తిరుగుతుంటే పాతవాటితో పనేముంది? వాటిలోంచి కొంచెం తీసి, ఈరోజు చర్మం పక్కన పెట్టి, రెంటికీ ఒకే కరెంటు ఇచ్చాను. యంత్రం రెట్లు మాత్రమే చెబుతుంది. అసలు పొడవు ఎప్పుడూ రాయదు, ప్రతి సోమవారం నా తోకను తీసుకుని సున్నా అనుకుంటుంది. అందుకని యంత్రాన్ని ఆపేసి, మైక్రోస్కోపు కింద స్కేలు పెట్టి కళ్లతో కొలిచాను.

మొదటి రోజు నా తోక పది గీతలు. ఈరోజు నా తోక ఇరవై రెండు.

మూడుసార్లు కొలిచాను. చిల్లు తక్కెడ పట్టుకుని ఊరందరికీ తూచి పెట్టినదాన్ని నేను. కనకం లెక్క నాకు ఒకటీ పాయింట్ ఎనిమిది రెట్లు. అసలు సున్నాకు అది దాదాపు నాలుగు రెట్లు.

పాత రిజిస్టర్లు తీశాను. ఎండను ఆపలేని ఆ ప్లాస్టిక్ వేసిన ఈ ఆరేళ్లలో "అర్హత లేదు" అని నేను వెనక్కి పంపినవాళ్లు ముప్పై ఒక్క మంది. వాళ్లలో తొమ్మిది మంది ఇప్పుడు లేరు. తొమ్మిది కాగితాల మీదా నా అందమైన సంతకం ఉంది. వాళ్లలో ఒకామె చివరిసారి వచ్చినప్పుడు "సున్నక్కా, ఒక్కపారి మల్ల సూడరాదు" అంది. నేను విసుక్కున్నాను. యంత్రం అబద్ధం చెప్పదని పాఠం చెప్పి పంపాను.

ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఏడ్చాను. తొమ్మిది మంది కోసమా, కనకం కోసమా, పంతొమ్మిదేళ్ల నా గొప్ప కోసమా, నాకే తెలియదు.

ఎండ గడి నింపుతున్నాను. ఎండ: ఉంది.

రోజు 6,949
నిద్ర: ఐదు గంటలు. తిండి: గంజి. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

మూడు రోజులు సామాన్ల కొట్లో చీకట్లో కూర్చుని ఈరోజు మళ్లీ గిల్లుకున్నాను. తోక పదకొండుకు దిగింది. అంటే నాకు పెద్ద జబ్బేమీ లేదు. పైనుంచి వచ్చినవాళ్లందరికీ ఇచ్చే మూడు రోజుల నీడ నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అంతే జరిగింది. తొమ్మిది మంది పోవడానికి ఇంత చిన్న తప్పు చాలింది.

కమిటీ పెద్ద జనార్దన్ సారు దగ్గరికి రెండు స్లైడ్లూ, ఆ రిజిస్టర్లూ పట్టుకుని వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. అది రాయకపోతే అన్యాయమవుతుంది. స్లైడ్లు చూసి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడిచాడు.

"ఇంకెవలకన్న చెప్పిన్రా?"

"లేదు."

"చెప్పకుండ్రి. మరమ్మతు మందు ఈసారి నాలుగు డోసులే తేలినయ్. మళ్లొచ్చేటియి పది నెలలకు. మీరు ఇరవై రెండు మందిని లేపి కూసోవెడితే నేనేం పెట్టాలె? పైపనోళ్లు పని బందు వెడితే ఎట్ల? వచ్చే సోమవారం నుంచి మీరు మూడు దినాలు చీకట్ల కూసుండి సున్నా పెట్టుండ్రి. పైన గాజు నేను ఏపిస్త. ఇగ నుంచి అంత సక్కగుంటది."

"ఇప్పటిదాకా జరిగిందో?"

"జరిగింది ఎవలాపుతరు?" గొంతు తగ్గించాడు. "కనకం సంగతి నాకు తెల్సు. నాలుగింట్ల ఒకటి ఆమె పేరు మీద రాస్త. ఎవలు అడగరు. మీరు ఈ స్లైడ్లు ఈడ వెట్టిపోండ్రి."

నేను స్లైడ్లు చేతిలోనే పట్టుకుని లేచాను. ఆలోచించుకుంటానన్నాను. ఆయన తలూపాడు, ఒప్పుకున్నానని అనుకున్నాడు కాబోలు.

గదికి వచ్చి కూర్చున్నాక నిజంగానే ఆలోచించాను. నోరు మూసుకుంటే కనకం బతుకుతుంది. నోరు తెరిస్తే అందరినీ కొత్తగా కొలవాలి, తోక పొడవు వరసన మందు ఇవ్వాలి. అయితే కనకానిది దాదాపు నాలుగు రెట్లు. ఇరవై రెండు మందిలో అంతకు మించినవాళ్లు ఎందరుంటారు? ఒకరో ఇద్దరో. మొదటి నలుగురిలో అది ఉండక తప్పదు. నిజమూ చెప్పినట్టుంటుంది, చెల్లెలూ దక్కుతుంది.

మళ్లీ లెక్కనే నమ్మాను. బుద్ధి రాలేదు.

రోజు 6,950
నిద్ర: నాలుగు గంటలు. తిండి: గుర్తు లేదు. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

పొద్దున షిఫ్టుకు ముందు, పైపనివాళ్లు టోపీలు తగిలించుకునే గోడ మీద కాగితం అంటించాను. ఏం జరిగిందో మూడు వాక్యాల్లో రాశాను. కింద బతికి ఉన్న ఇరవై రెండు పేర్లు, వాటి కింద పోయిన తొమ్మిది పేర్లు. చివర ఒక షరతు కూడా నేనే రాశాను: "కొత్త లెక్కలో తోక పొడవు వరసనే మందు. వరస ఎవరికోసమూ తప్పరాదు." ఆ వాక్యం రాసినప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఓదెలు కాగితం రెండుసార్లు చదివాడు. తొమ్మిది పేర్లలో నాలుగోది అతని భార్యది. వేలితో ఆ పేరును ఒకసారి తడిమి, వెనక్కి తిరిగి అందరితో చెప్పాడు.

"ఇయ్యాల ఎవలు పైకి పోవద్దు."

రెండు రోజుల దుమ్ము చాలు, దీపాలు మసకబారడానికి. సాయంత్రానికే జనార్దన్ సారు కబురు పంపాడు. కొత్త లెక్కకు ఒప్పుకున్నారు. పైపనివాళ్ల తరఫున ఒక మనిషి మైక్రోస్కోపు పక్కన నిలబడి చూడాలని వాళ్లు షరతు పెట్టారు. నా కళ్లను ఇక ఎవరూ నమ్మరు. న్యాయమే.

ఆ నిలబడే మనిషి ఓదెలు.

రోజు 6,954
నిద్ర: మూడు గంటలు. తిండి: రొట్టె, ఉల్లిపాయ. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

ఇరవై రెండు మందినీ మూడు రోజులు నీడలో ఉంచి, పాత సున్నా పక్కన పెట్టి కొలిచాను. ఒక్కొక్కరిని మూడేసిసార్లు. ఓదెలు నా భుజం వెనక నిలబడి, నేను చెప్పిన అంకె తనూ చూసి, తన పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో నాతో మాట్లాడింది రెండే మాటలు, "జరగు" అని, "మల్ల సూడు" అని.

పంతొమ్మిది మందికి రెండు దాటింది. మొదటి ముగ్గురివి ఐదు పైన. నేను వెనక్కి పంపాక వాళ్లు మళ్లీ ఎన్నాళ్లు ఎండ తిన్నారో నేను ఊహించనే లేదు. నాలుగో అంకె ఓదెలుదే, నాలుగు. ఐదోది కనకం. మూడూ పాయింట్ తొమ్మిది.

పాయింట్ ఒకటి అనేది మా పనిలో ఏమీ కాదు. చెయ్యి వణికినా వస్తుంది, గది వేడెక్కినా వస్తుంది. కనకం తోకను నేను గీతన్నర ఎక్కువ చదివితే చాలు. కనకం స్లైడు మళ్లీ పెట్టాను. మళ్లీ మూడూ పాయింట్ తొమ్మిది. ఓదెలుది మళ్లీ పెట్టాను. నాలుగు. నిజాయితీ వల్ల అబద్ధం రాయలేకపోయానని చెప్పుకోను. ఓదెలు నా వెనక నిలబడి ఉన్నాడు, అందుకే రాయలేదు. అతను లేకపోతే ఏం రాసేదాన్నో నాకు తెలుసు.

"రాసుకో," అన్నాను. "నాలుగోది నీది."

అతను రాసుకోలేదు. పుస్తకం మూశాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, వాళ్లకు తల్లి లేదు. తల్లి ఎందుకు లేదో ఆ గోడ మీద నేనే రాసి పెట్టాను. నాకివ్వకండి, కనకానికివ్వండి అంటాడేమోనని ఎదురుచూశాను. సిగ్గు లేకుండా ఎదురుచూశాను. అతనేమీ అనలేదు. అనాల్సిన పనీ లేదు.

రోజు 6,957
నిద్ర: ఐదు గంటలు. తిండి: కనకం వండిన తోటకూర. మందులు: లేవు. ఎండ: లేదు.
ఇతర విషయాలు:

నిన్న నలుగురికీ మందు ఇచ్చాను. సూది నేనే వేశాను. ఓదెలు చెయ్యి చాపి, నా ముఖం చూడకుండా వేయించుకుని వెళ్లాడు.

కనకానికి నీడ సెలవు వచ్చింది. నా గదిలోనే ఉంటోంది. గాలిబాయి మీద రేకు వేయించి వెలుతురు మూసేశాను. కనకం మెడ పక్కన చిన్న గడ్డ తగిలింది నా వేలికి. పుండు అక్కడిదాకా వచ్చిందన్నమాట. మందు మళ్లీ తేలేది పది నెలలకు. ఆ గడ్డ పది నెలలు ఆగదు. ఇది నేను చదివిన చదువే, తప్పు పోదు.

అన్నం దగ్గర అది తల వంచుకునే అడిగింది.

"జనార్దన్ సారు నాకొకటి ఇస్తా అన్నడట గదా."

ఎవరు చెప్పారని అడగలేదు. ఈ బాయిలో మాట దాగదు. "అన్నాడు."

"నువ్వు వద్దన్నవా?"

"వద్దనలేదు. కాగితం అంటించాను. వరసలో నువ్వు ముందే ఉంటావనుకున్నా."

కనకం ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు. "నన్నొక్క మాట అడగకపోతివి."

"అడిగితే ఏమనేదానివే?"

"ఏమో అక్కా. నువ్వడగలే గదా."

దానికి కోపం రాలేదు. వస్తే నేను కాళ్లు పట్టుకునేదాన్ని. అది నా కంచంలో ఇంకొంచెం కూర వేసింది, తినమంది. తన పైపని కాగితం మీద నేను సంతకం పెట్టిన రోజునా అది ఇలాగే ఉంది. ఆ రోజు కూడా నేను అడగలేదు.

రోజు 6,962
నిద్ర: ఆరు గంటలు. తిండి: గటక, మిరపకాయ తొక్కు. మందులు: లేవు.
ఇతర విషయాలు:

సున్నా పదవి రద్దయింది. ఇక మంచుపెట్టెలో ఉన్నదే సున్నా, దానికి గదులూ గౌరవాలూ అక్కర్లేదు. ఈ ఫారాలకు కూడా ఇదే ఆఖరు. మా ఇంటి నుంచి పైకి వెళ్లే మనిషి ఒకరు తగ్గారు గనక ఆ వంతు నాకు వచ్చింది.

బయల్దేరేముందు కనకం అమ్మ చీరనూ ఒక పళ్లేన్నీ తెచ్చింది. కొత్తగా రుబ్బిన వడియాల పిండి. "రేకేసినవాయె. ఇవి యాడ ఎండవెట్టాలె ఇగ?" అంది. రెండూ నేను తీసుకున్నాను.

మెట్ల దగ్గర ఓదెలు నాకు టోపీ ఇచ్చాడు. అది కనకానిది, లోపల దాని వెంట్రుక ఒకటి ఇంకా ఉంది. నేను కట్టుకున్న తీరు చూసి, దగ్గరికొచ్చి, మెడ వెనక గుడ్డ లాగి బిగించాడు.

"మెడెనక ఖాళీ ఉంచకు," అన్నాడు. "ఆడ్నే మొదలైతది."

పైన నలభై మూడు ప్లేట్లు తుడిచాను. ఒక ప్లేటు పక్కన అమ్మ చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, వడియాలు పెట్టాను. దిగే వేళకే గలగలమన్నాయి.

దిగి వచ్చి కనకం చేతిలో పోశాను. ఒకటి నోట్లో వేసుకుని కొరికింది, పెదవి పుండుకు తగలకుండా పక్కకు తిప్పుకుని.

ఎండ: ఐదు గంటల పది నిమిషాలు.